డిక్కీ మీది రెండు పల్లాలు

ఆ కారు వంక చూడకూడదనుకుంది ఎల్ఫ్రీడ. కానీ ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో ఆ రోజు అందరూ చూస్తున్నది దాన్నే.

నల్లటి ఒళ్ళు, మీగడ రంగు కప్పు, ఆరు సిలిండర్ల ఇంజను. ఫ్యాక్టరీ యజమానులు, పేరున్న డాక్టర్లు వెనకసీట్లో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకునే తరహా బండి. యుద్ధం తర్వాత పదేళ్ళు గిన్నెలూ తోపుడుబళ్ళూ చేసుకుని బతికిన ఓస్టర్‌కాంప్ కంపెనీ మళ్ళీ పెద్ద కారు తయారుచెయ్యడం ఇదే మొదలు. దాని రూపం గీసినవాడు ఎల్ఫ్రీడ మొగుడు లోథార్. వాళ్ళకి పెళ్ళయి ఆరు నెలలు.

మరొకతె అయితే గాల్లో తేలిపోయేది. ఎల్ఫ్రీడకి మాత్రం కాళ్ళకింద నేల చీలితే అందులోకి దిగిపోవాలని ఉంది.

జనమంతా బండి ముందు కాదు, వెనక మూగారు. డిక్కీ మూత మీద పక్కపక్కనే రెండు మెత్తటి పల్లాలు, వాటి మధ్య సన్నటి గట్టు. పైన దీపాల వెలుగు ఆ పల్లాల్లోకి జారి, వెన్న కరిగినట్టు కరుగుతోంది.

"ఎంత వేగంగా పోయినా గాలి ఇక్కడ నిమ్మళంగా సర్దుకుంటుంది," అన్నాడు ఒక ఇంజినీరు, తెలిసినట్టే.

"గాలి సంగతి కాదయ్యా. ఇది ఊపిరి పీల్చుకుంటున్న ఇనుము," అన్నాడు ఒక పత్రికాయన. రాసుకుంటున్న పుస్తకం చంకలో పెట్టుకుని, రెండు పల్లాల్నీ అరచేత్తో ప్రేమగా నిమిరాడు.

ఎల్ఫ్రీడ ఉలిక్కిపడి మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకుండా తాడు కట్టించలేవా?"

"కారు చూడ్డానికొచ్చి ముట్టుకోవద్దంటే ఊరుకుంటారా?"

"అయితే ఇంటికి పోదాం పద. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నిజం బయటపడితే నేను మళ్ళీ తలెత్తుకోలేను. మా అమ్మకి తెలిసిందంటే ఇంక చెప్పక్కర్లేదు."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాగా," అన్నాడు లోథార్. అతని చెవులు కూడా ఎర్రగానే ఉన్నాయి.

వెనకనుంచి హింట్జె మేస్త్రి దగ్గాడు. మట్టితో నిలువెత్తు కారు నమూనా చెయ్యడంలో ఆయనది పాతికేళ్ళుగా తిరిగిన చెయ్యి.

"నాయనా, నీ గీతలు నాకు తెలియవా? నువ్వు స్కేలుతోనే పుట్టావు. ఈ వంపు నీకు ఏడు జన్మలెత్తినా రాదు. ఆ శనివారం నేను తాళం వేసి వెళ్ళినప్పుడు నమూనా మీద డిక్కీ మూత నున్నగా ఉంది. రెండో తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. సోమవారం పొద్దున్నకల్లా ఇది ప్రత్యక్షమైంది. ఎవరి సొరుగులోంచి కొట్టుకొచ్చావు?"

లోథార్ బూట్ల వంక చూసుకున్నాడు.

ఆ సోమవారమే పెద్దలు నమూనా చూడ్డానికొచ్చారు. చూసి మురిసిపోయారు. ఇంక కొలతలవాళ్ళు దిగి, అర మిల్లీమీటరు తేడా రాకుండా ఆ రెండు పల్లాల్నీ రేకులోకి దించేశారు. నమూనా మీద ఈగ వాలి ఉంటే రేకు మీదా ఈగ రావాల్సిందే. ఆ కంపెనీ పద్ధతి అది.

అంతలో డైరెక్టర్ ఓస్టర్‌కాంప్ ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా లోథార్, ఎవడైనా కాపీ కొట్టేలోపు మన రూపాన్ని రిజిస్టరు చేయించాలి. 'ఇది పూర్తిగా నా సృష్టి, ఇందులో వేరెవరి ప్రమేయమూ లేదు' అని నీ సంతకం కావాలి. పెట్టావంటే డిజైను విభాగానికి నువ్వే పెద్ద. శుభాకాంక్షలమ్మా, ఇంటికి కొత్త కర్టెన్లు కొనుక్కోండి."

లోథార్ కలం మూత తీశాడు. ఒకసారి ట్రాము కండక్టరు టిక్కెట్టు కొట్టడం మరిచిపోతే, దిగి వెనక్కి పరుగెత్తి మరీ కొట్టించుకున్న మనిషి. ఆ రోజు అదే ట్రాములో ఉన్న ఎల్ఫ్రీడ, చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలనుకుంది.

కలం కాగితం మీద ఆగింది. కదల్లేదు.

"పెట్టవేం? సిరా గడ్డకట్టిందా?" అన్నాడు మేస్త్రి.

లోథార్ కలానికి మూత పెట్టేశాడు.

"పెట్టలేనండీ. ఆ వంపు నాది కాదు."

పత్రికాయన పుస్తకం చంకలోంచి చేతిలోకి వచ్చింది.

"మరెవరిది?" అన్నాడు డైరెక్టర్.

లోథార్ కలాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

"దొంగసరుకుతో నన్ను ఫ్రాంక్‌ఫర్ట్ దాకా తీసుకొచ్చావా?" డైరెక్టర్ గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గిందంటే భయపడాలి. "పేరు చెప్పు. చెప్పకపోతే రేపట్నుంచి గేటు దగ్గరికి కూడా రాకు. నీలాంటివాణ్ణి ఇంకెవరూ పెట్టుకోకుండా చూసే పూచీ నాది."

లోథార్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. పెళ్ళాం వంక చూడలేదు. చూస్తే ఆమెని అడిగినట్టవుతుందని కాబోలు.

ఎల్ఫ్రీడకి మెడ దగ్గర మొదలైన ఎరుపు నుదుటిదాకా పాకింది. నలభైమంది మగవాళ్ళు. అందులో పదిమంది పత్రికలవాళ్ళు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఒక అడుగు ముందుకేసింది.

"మా ఆయన దొంగ కాదండీ," అంది. గొంతు సగమే వచ్చింది. మిగతా సగం కోసం ఊపిరి పీల్చుకుంది.

"ఆదివారం, ఎవరూ లేనప్పుడు, ఆయన పనిచేసే చోటు చూపించమని వెంటపడి వచ్చి, ఆ మట్టి ఇంకా గట్టిపడలేదని తెలియక కాసేపు దాని మీద ఎక్కి కూర్చున్నదాన్ని నేనే."