దండెం మీద లుంగీ

పరాయి దేశపు ఆ ఎడారిలో యుద్ధమంతా యంత్రాలే చేస్తాయి. మనిషి ఉన్న శిబిరాన్ని కాల్చకూడదని ఒప్పందం కాబట్టి, రెండు పక్షాలూ శిబిరానికొక సిపాయిని ఉంచుతాయి. మనిషి ఉన్నాడనడానికి గుర్తు, దండెం మీద రోజూ మారే బట్టలు. మారాయో లేదో ఎదుటి సిపాయే కళ్ళతో చూసి చెప్పాలి.

పైడిరాజు పొద్దున్నే లుంగీ ఉతికి ఆరేశాడు. తర్వాత దుర్భిణిలో అవతలి శిబిరాన్ని చూశాడు. మొన్నటి నీలం చొక్కాయే ఇంకా వేలాడుతోంది. మడతల్లో ఇసుక పేరుకుంది. గుడారం తెర మూసే ఉంది.

రేడియోలో సుబేదారు గారి గొంతు వినిపించింది.

"ఏటిరా పైడిరాజూ, అవతలోడు బట్టలు మార్చినాడా? లేదంటే చెప్పు, యంత్రాలు సిద్ధంగున్నాయి."

"మార్చినాడండి. ఇంకా నీళ్ళు కారతన్నాయి."

"సరే. నీ జ్వరం ఎలగుంది?"

"తగ్గిపోనాదండి."

పైడిరాజు రేడియో ఆపి, లుంగీ ముడతలు సరిచేశాడు. పోయిన వారం అతను మంచం దిగలేనన్నాళ్ళూ ఆ లుంగీ ఎండి, ఇసుక పట్టి దండెం మీదే ఉండిపోయింది.

ఆ వారమంతా ఒక్క గుండు కూడా ఇటు రాలేదు.