ఎర్రలైటు పడ్డంతసేపు

"పడ్డది, పడ్డది, నడువు!" అని కుట్టుపనికి జతగ వచ్చే కోమల అనసూర్యను మోచేతితోని పొడిచింది.

ఎర్రలైటు పడ్డది. బైపాసు చౌరస్తాల దునియా అంతా ఒక్కపారి ఆగిపోయింది.

మొన్నమొన్నటి దాక ఈ చౌరస్తాల ఆగుడనేదే లేకుండె. గ్రానైటు లారీలు, కరీంనగర్ బస్సులు, ఆటోలు, ఎవనికి వాడు ఉరుకుడే. చాయ్ హోటల్ అంజన్న కాలు విరిగింది ఈడనే. ఆడోళ్లు దాటాల్నంటే దేవున్ని తలుచుకొని, కండ్లు మూసుకొని ఉరకాలె. ఇప్పుడు స్తంభం మీద కెమెరాలు పెట్టిండ్రు. గీత దాటితే అదే ఫోటో తీస్తదట, అదే నంబరు చదువుతదట, చలాను సీదా ఫోనుకే వస్తదట. కొట్టేటోడు లేడు, తిట్టేటోడు లేడు. అయినా కొండంత లారీ గూడ గీత కాడ పెంచుకున్న బర్రె లెక్క నిలబడుతది. చిత్రం గాదా మరి!

అనసూర్య కొంగు సర్దుకొని తెల్లపట్టీల మీద కాలు పెట్టింది. పొద్దుగాలటి మంచు ఇంకా ఇడువలే. ఆ మంచుల రోడ్డు మీది పట్టీలు ఆమెకు మగ్గానికి ఎక్కించిన పడుగు లెక్క కనవడ్డయి. వాటి మీద నడుస్తుంటే కాళ్లకింద నేల ఉన్నదో లేదో తెలుస్తలేదు. నడుమ పట్టీ మీదికి రాంగనే ఆగింది.

గీత అవుతల పాత నీలిబండి. దాని మీద మనిషి, రాత్రంతా మరమగ్గాల కాడ నిలబడి వస్తుండు. కనుబొమ్మల మీద, మీసాల మీద దూది నుసి తెల్లగ పట్టి ఉన్నది.

"ముసలోని లెక్కున్నవ్," అన్నది అనసూర్య.

"తుడిచేటోళ్లు ఉన్నరు గదా అని నేనే ఉంచుకొని వచ్చిన."

ఆమె నవ్వి కొంగుకొసతోని కనుబొమ్మలు తుడిచింది. ఆయన అంగి జేబుల చెయ్యి పెట్టి గుప్పెడు రేగుపండ్లు తీసి ఆ కొంగులనే పోసిండు.

"రాత్రి నా కలలకు వచ్చినవ్," అన్నది.

"నేనెట్ల వస్త? మగ్గం కాడ ఉంటి."

"ఏమో మరి. మంథని కాడ గోదారి ఒడ్డున నడుస్తున్నం. మనం తప్ప ఒక్క పురుగు లేదు. నీళ్లు గూడ సప్పుడు చేస్తలేవు."

"అయితే నువ్వు ఆడనే ఉండు. నేనిప్పుడు పోయి పండుకుంట. పగటి కలల ఆడికే వస్త."

"అప్పటికి నేను కుట్టుమిషన్ మీద ఉంట."

"కుట్టుకుంటనే రా."

పచ్చలైటు పడెటట్టున్నది. అనసూర్య జల్ది జల్ది అవుతలికి చేరింది. నీలిబండి మంచులకు పోయి, జరసేపు చప్పుడు వినవడి, అదీ కరిగిపోయింది.

"ఏమమ్మా, జర ఇటు రా."

పిలిచింది ట్రాఫిక్ కానిస్టేబుల్ హనుమండ్లు. ఉట్నూర్ దిక్కు నుంచి బదిలీ మీద కొత్తగ వచ్చిండు. ఈ ఊరి మనుషులు ఇంకా ఎరుక లేరు.

"దినాం నడిరోడ్డు మీద ఆగుతున్నవ్."

"ఎర్రలైటే గదా సారూ."

"అది పడేది నువ్వు దాటేటందుకమ్మా, ముచ్చట్లు పెట్టేటందుకు గాదు. ఆ కెమెరాల ఎనుక మనుషులు కూసొని చూస్తుండ్రు. నిన్న మా పెద్దసారు ఫోన్ చేసి, 'ఏం హనుమండ్లూ, ఇయ్యాల్టి సీరియల్ అయిపోయిందా?' అని అడిగిండు. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే."

కోమల కిసుక్కున నవ్వింది.

"నవ్వులాట గాదు. ఎవనికన్న బ్రేకు పడకపోతే? రేపటి సంది నువ్వు బస్టాండు దిక్కుకెళ్లి దాటు. ఈ దిక్కు కనవడొద్దు."

అనసూర్య మొకం వాడిపోయింది.

"ఆ దిక్కు వద్దు సారూ. మీ కాల్మొక్త. దినమంతల నాకున్నది ఈ ఒక్క ఎర్రలైటే."

"ఇంట్ల మాట్లాడే దిక్కు లేదా?"

"పిల్ల హాస్టల్ల ఉండి ఇంటర్ చదువుతుంది. పొద్దుమీకి నేను పోయేటాళ్లకు ఇల్లు తాళమేసి ఉంటది. ఎవరితోని మాట్లాడాలె, గోడలతోనా?"

హనుమండ్లుకు ఇద్దరు అక్కలున్నరు. గొంతు తగ్గించిండు.

"మరి నీ ఇంటాయనకు ఈ ముచ్చట ఎరుకేనా?"

"ఎరుకే సారూ."

"ఎరుకుండి ఏమంటలేడా?"

"ఆయన శాన మంచోడు," అని నేల చూసింది.

ఆ మంచోడెవడో గాని, హనుమండ్లుకు వాని మీద పాపమనిపించింది. సిగ్గుపడుకుంట బతుకుతుండొచ్చు, ఎవరికీ చెప్పుకోలేక. టోపీ తీసి మళ్ల పెట్టుకున్నడు.

"ఇగో, ఆఖరి మాట. ఆ బండాయన పేరు చెప్పు. నేను ఆయనతోనే మాట్లాడుత. అప్పటిదాక ఈ దిక్కే దాటు, నేనేమన."

అనసూర్య నోరు తెరిచింది. మూసింది. చెవుల దాక ఎర్రగయింది.

"పేరా... వేరే ఏదన్న అడుగుండ్రి సారూ."

"ఇన్ని ముచ్చట్లు పెడుతవ్, పేరు గూడ తెల్వదా?"

"తెలుసు."

"తెలిస్తే చెప్పు."

ఆమె కొంగుకొస పంటికింద పెట్టుకొని తల అడ్డం ఊపింది.

"మంచిది. నీ ఇష్టం. రేపటి సంది బస్టాండు దిక్కే," అని హనుమండ్లు మొకం తిప్పుకున్నడు.

అనసూర్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పటిదాక మూతి బిగవట్టుకొని తమాషా చూస్తున్న కోమల ఇగ ఆగలేకపోయింది.

"ఓ సారూ, కట్టుకున్నోని పేరు ఆడది నోటితోని ఎట్ల చెప్తది?"