తద్దినం నాటి గారెలు

భయానక కథల సంకలనానికి హైమవతి పంపిన కథ తిరిగొచ్చింది. పోయిన అత్తగారు వంటింటి గోడలోని పెట్టెలోంచి మాట్లాడుతూ, తన తద్దినం వంటకి తానే వంకలు పెడుతుంది. అదీ కథ.

ఆ చిన్న ప్రచురణ సంస్థ నడిపే చలపతికి ఫోన్ చేసి కడిగేసింది. "ఏం తక్కువైందయ్యా నా కథకి?"

"భయమేదమ్మా? పోయినవాళ్ల గొంతు పెట్టెలో లేని ఇల్లుందా ఇప్పుడు? పోయిన మా అమ్మా రోజూ మాట్లాడుతుంది. భయపడుతున్నానా? ఏ దయ్యాన్నో పెట్టి రాయండి."

హైమవతికి ఒళ్లు మండింది. "బతికినన్నాళ్లూ కాల్చుకు తింది, పోయాక గోడెక్కి కూర్చుంది. ఇంతకంటే దయ్యం ఎక్కడ దొరుకుతుంది?"

"ఎవర్నే ఆ మాటలు?" అంది గోడలోంచి అత్తగారు. "ముందు నా తద్దినం గారెలు తిప్పు, మాడుతున్నాయి!"

"నోర్మూసుకోండి అత్తయ్యా!"

ఫోన్‌లో చలపతి ఠారెత్తిపోయాడు. "అమ్మో, అలా అనేశారేంటండీ!"

అతని వెనకనుంచి ఓ ముసలి గొంతు గద్దించింది. "చలపతీ, ఎవర్తిరా అది?"

"ఎవరూ లేరమ్మా, ఎవరూ లేరు," అని వణుకుతూ ఫోన్ పెట్టేశాడు.

హైమవతి పొయ్యి కట్టేసింది. ఆ ఫోన్ మాటలన్నీ కథ చివర చేర్చి, చలపతికే మళ్లీ పంపింది.