దిగని మత్తు

"ఇవాళ చేసి ఇవాళే ఇంటికి పంపే ఆపరేషన్లివి. పేషెంటు రాత్రికి ఉండిపోయిందంటే, మత్తివ్వడం నీకు చేతకాలేదనే అర్థం," అన్నాడు పెద్ద డాక్టరు పొద్దున్నే, పేషెంట్ల ముందే. ఇప్పటికే ఒకరు ఉండిపోయారు. ఇంకొకరు ఉండిపోతే మత్తు డాక్టరుగా నా శిక్షణ మళ్లీ మొదటికొస్తుంది.

సాయంత్రమైనా, పొద్దున నేను మత్తిచ్చిన ఆవిడ లేవలేదు. నాడి బాగుంది, బీపీ బాగుంది. కూర్చోబెడితే మాత్రం "తల తిరుగుతోందమ్మా" అంటూ వాలిపోతోంది. తెర అవతల ఆవిడ భర్త అసహనంగా పచార్లు చేస్తున్నాడు.

మందు తెద్దామని వెళ్లి, స్టెతస్కోపు మర్చిపోయి వెనక్కొచ్చాను. ఆవిడ నిటారుగా నిలబడి, తన దుప్పటి తనే చక్కగా సర్దుకుంటోంది. నన్ను చూసి నిలువునా నీరైపోయింది.

"అత్తగారు మంచాన పడ్డారు డాక్టరమ్మా. రాత్రంతా పిలుస్తూనే ఉంటారు. ఇన్నేళ్లలో నేను కంటినిండా పోయిన నిద్ర, మీరిచ్చిందొక్కటే." మంచం అంచున కూర్చుని చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంది. "పంపించేయండి. నా వల్ల మీకు తిట్లెందుకు?"

తెర పక్కకు జరిగింది. పెద్ద డాక్టరు. "ఏమైంది?"

ఆవిడ భుజాలు పట్టుకుని పడుకోబెట్టాను.

"మత్తు ఎక్కువిచ్చాను సార్. తెల్లారేదాకా దిగదు."