వెస్ట్ అంటే కోటు

“క్లేడ్ అంటే తివాచీ కాదే తల్లీ, గౌను!” అంది లీవ, నీలం గౌనుని మంచం మీద పరుస్తూ.

“మా ఊళ్ళో క్లేడ్ అంటే తివాచీయే. కాళ్ళు తుడుచుకోమంటావా దాని మీద?” అంది మార్గా.

హింకె పకపకా నవ్వింది. “మా అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పుకుని నవ్వేది. లీవ కొత్తగా కాపరానికొచ్చినప్పుడు మా ఇంటికొచ్చి, ‘మీ తివాచీ మీ ఒంటికి భలే నప్పిందండీ’ అందిట!”

గురువారం సాయంత్రమైతే ముగ్గురూ లీవ ఇంట్లో చేరడం ఎప్పట్నుంచో అలవాటు. కాఫీ, బిస్కట్లు, టీవీలో సీరియల్. లీవ పుట్టింది బెల్జియంలోని ఘెంట్‌లో. పెళ్ళి చేసుకుని సరిహద్దు దాటి హాలండ్‌లోని ఈ జ్వోలెకి వచ్చింది. భర్త పోయినా ఇక్కడే ఉండిపోయింది. సరిహద్దుకి అటూ ఇటూ భాష ఒకటే. కానీ బట్టల దగ్గరికొచ్చేసరికి మాటలు తలకిందులవుతాయి.

పడమటెండ టీవీ మీద పడుతోందని హింకె లేచి ముందు గదిలోకెళ్ళి కర్టెన్లు మూసింది. ఆ వీధిలో కర్టెన్లు మూసుకునే ఇల్లు మరొకటి లేదు. సీరియల్ మొదలైంది. ఘెంట్‌లో తీసినది. పాత్రలు మాట్లాడుతుంటే కింద అక్షరాలు పడుతున్నాయి.

“చూడు, మా వాళ్ళు మాట్లాడేది మీకు అర్థం కాదని కింద రాసి మరీ చూపిస్తున్నారు. ఎంత అవమానం!” అంది లీవ పడగ్గదిలోంచి.

“అవమానం మాది. అక్షరాలు వేసినా అర్థం కావట్లేదు,” అంది మార్గా. అలా అంటూనే బీరువా మీద ఉన్న పెట్టె కోసం చెయ్యెత్తబోయింది.

“ఆగాగు. నీ భుజం సంగతి మర్చిపోయావా?” లీవ కుర్చీ వేసుకుని తనే ఎక్కి పెట్టె దించింది. “ఇదిగో వలీస్.”

“పెట్టెని కూడా పెట్టె అనరే మీరు!”

మడతలు పెట్టే పని మార్గా తీసుకుంది. ఆమె నోటికి ఎంత వేగమో చేతికి అంత నెమ్మది. ఒక్కో గుడ్డా మోకాలి మీద పరుచుకుని, ముడతలు సాపు చేసి, పెట్టె మూలల్లో సర్దుతోంది.

“సరే, చెప్పు. ఘెంట్‌లో కొట్టుకెళ్ళి ‘వెస్ట్ ఇవ్వండి’ అంటే ఏమిస్తారు?”

“కోటు ఇస్తారు.”

“ఇదిగో, ఈ గుండీల స్వెటర్ కావాలంటే? ఇక్కడ దీన్నే కదా వెస్ట్ అంటాం?”

“అక్కడ జిలే అనాలి.”

“జిలే,” అంది మార్గా. ఆ మాట ఎలా ఉందో చూస్తున్నట్టు మరోసారి అంది. “జిలే. నోట్లో చాక్లెట్ పెట్టుకుని మాట్లాడినట్టుంది.”

“ఎగతాళి చాల్లే. ఆ ఉన్ని కోటు కూడా పెట్టు.”

“జూన్‌లోనా?” అంది హింకె.

“పెట్టవే. ఎన్నాళ్ళుండాలో ఎవరికి తెలుసు?”

హింకె బిస్కట్ల డబ్బా తెరిచి ఒకటి తీసుకుంది, ఆ వెంటనే ఇంకొకటి. ఈ ఊరి వాళ్ళలా ఒక్కొక్కరికి ఒక్కటిచ్చి మూత పెట్టేసే ఇల్లు కాదు లీవది.

మార్గా ఫోను మోగింది. ఆమె భర్త బెర్టస్.

“ఆఁ, లీవ ఇంట్లోనే... పెట్టె సర్దుతున్నాం. చెప్పాగా, ఘెంట్‌ ప్రయాణమని... సూప్ పొయ్యి మీదుంది, వెచ్చబెట్టుకో... సీరియల్ అయ్యాక వస్తాలే... ఇదిగో, ఇస్తున్నా.”

ఫోను లీవ చేతికిచ్చింది.

“బాగున్నావా బెర్టస్? అవునవును, నా ఎదురుగానే ఉంది. మడతలు భలే పెడుతోంది మీ ఆవిడ. మా అక్కా? వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తోంది. ఆఁ, చెప్తాలే.”

లీవ ఫోను పెట్టేసింది. ముందు గదిలో ఎవరో ఎవరి మీదో అరుస్తున్నారు, కింద అక్షరాలు పడుతున్నాయి.

“చెప్పులు మర్చిపోయాం,” అంది మార్గా.

పెట్టె మూతపడలేదు. హింకె దాని మీదెక్కి కూర్చుంటే, లీవ పెట్టె చుట్టూ జిప్పు లాగింది. మధ్యలో జిప్పు ఇరుక్కుంటే కొవ్వొత్తి ముక్క రాసి లాగింది. అప్పుడు ముగ్గురికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ హింకె ఉన్నట్టుండి ఏడ్చేసింది.

“ఇక గురువారాలు ఎలా ఉంటాయో!”

“ఒసేయ్, కారు తోలేది నువ్వు,” అంది మార్గా. “ఆ ఏడుపేదో తిరిగొచ్చేటప్పుడు తీరిగ్గా ఏడువు.”

“సీరియల్ సగంలో ఉంది. ఇప్పుడు బయల్దేరితేనే మంచిది,” అంది లీవ.

హింకె రిమోట్ అందుకోబోయింది.

“వద్దు. మోగనీ,” అంది లీవ.

మెట్ల మీద చప్పుడవకుండా పెట్టెని చెరోవైపు పట్టుకుని దించారు. వీధిలో ఇంకా వెలుతురుంది. ఎదురింటాయన పూలకుండీలకి నీళ్ళు పోస్తూ చెయ్యూపాడు. ముగ్గురూ చెయ్యూపారు. హింకె పెట్టెని వెనక సీట్లోకి తోసి, ముందుకెళ్ళి స్టీరింగ్ దగ్గర కూర్చుంది.

మిగిలిన ఇద్దరూ కారు పక్కన నిలబడ్డారు. గట్టిగా వాటేసుకున్నారు.

“ఇక చాలు, ఎక్కు,” అంది హింకె లోపల్నుంచి.

మొగుణ్ణి వదిలేసి, పెట్టె పక్కన ఎక్కి కూర్చుంది మార్గా.