వెంట్రుకవాసి గీత

"ఆ డయల్ ఒరిజినల్ కాదు బాబూ."

వేలం హాల్లో ఉన్న నలుగురూ అటు తిరిగారు.

అన్నది అరవై దాటిన ఒకావిడ. భుజాన గుడ్డసంచి, కళ్ళకి మామూలు జోడు. చేతిలో భూతద్దం కూడా లేదు.

అన్నది ఎవరితోననుకున్నారు? సాక్షాత్తూ డేగకన్నుతో.

పాత ఖరీదైన వాచీలు వేలం వేసే ఆ సంస్థలో ఆయన పరీక్షకుడు. డేగకన్ను అన్నది జనం చాటున పెట్టుకున్న పేరు. ఏ డయల్ ఫ్యాక్టరీలో తయారైందో, ఏది తర్వాతెవరో రంగేసిందో, ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఆయన చెప్పిందే వేదం. ఒక్కసారి తప్పు చెబితే ఆ తర్వాత ఎవరూ నమ్మరని కూడా ఆయనకు బాగా తెలుసు.

ఈ వాచీకి 'డయల్ ఒరిజినల్' అని సంతకం పెట్టిందీ ఆయనే. కేటలాగు అచ్చయిపోయింది. రేపు ఉదయమే వేలం.

"ఎలా చెబుతున్నారమ్మా?" అన్నాడు, నవ్వు దాచుకోకుండా.

"నాలుగుకీ అయిదుకీ మధ్య నిమిషాల గీతలున్నాయి కదా. అందులో రెండోది వెంట్రుకవాసి లావుగా ఉంది."

"అద్దాల పెట్టె బయట నిలబడే చూశారా అది?"

"చూశాను బాబూ."

పక్కనెవరో కిసుక్కున నవ్వారు.

వేలానికి ముందురోజు ఇలాంటివాళ్ళు రావడం ఆయనకు కొత్త కాదు. మనసుపడ్డ వాచీకి నలుగురూ వినేలా ఒక వంక పెడతారు. మిగతావాళ్ళు వెనక్కి తగ్గితే మర్నాడు కారుచౌకగా కొట్టేస్తారు. ఎంతమందిని చూశాడు ఈయన!

"మిమ్మల్ని ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు."

"మరెందుకమ్మా మీకింత ఆరాటం?"

"కొనుక్కున్నవాళ్ళు మోసపోతారు. మీ మాటా పోతుంది."

ఆ రెండో మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది.

"నా మాట సంగతి నేను చూసుకుంటాను. మీరు దయచేయండి."

"ఒక్కసారి డయల్ ఊడదీసి చూడండి. అంచున చిన్న గాటు ఉంటుంది. మళ్ళీ రంగేసేవాళ్ళు డయల్ కదలకుండా బిగించడానికి అలా గాటు పెడతారు. ఫ్యాక్టరీ డయల్‌కి అది ఉండదు."

"నాకు పాఠాలు చెప్పొద్దు." ఆయన గార్డు వైపు తిరిగాడు. "ఈవిణ్ణి బయటికి పంపించు."

అందరూ చూస్తూనే ఉన్నారు. ఆవిడ సంచి సర్దుకుని గార్డు వెనకే వెళ్ళిపోయింది.

సాయంత్రం హాలు ఖాళీ అయింది.

"గాటట, గాటు," అని గొణుక్కున్నాడాయన. కానీ మనసు ఊరుకుంటే కదా! వాచీని బల్ల మీదికి తెచ్చి, భూతద్దం కంటికి బిగించాడు.

నాలుగుకీ అయిదుకీ మధ్య రెండో గీత. బాగానే ఉంది.

ఇంకా పెద్ద అద్దం తీశాడు.

గీత లావుగా ఉంది. సరిగ్గా వెంట్రుకవాసి.

గబగబా వెనక మూత విప్పి, ముళ్ళూ మరలూ తీసి, పట్టకారుతో డయల్ పైకెత్తాడు. అంచున గోటి మొన కంటే చిన్న గాటు.

కుర్చీలో కూలబడ్డాడు. కానీ డయల్ మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. అక్షరాల అంచులు ఎక్కడా చెదరలేదు. అడుగున ఆవగింజలో ఇమిడేటంత కంపెనీ పేరు, అందులో ప్రతి అక్షరానికీ ఒంపు ఉంది. ఇదంతా యంత్రం పని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. మనిషి చెయ్యి ఇంత నిదానంగా నిలబడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

వెళ్ళి మేనేజరమ్మ తలుపు తట్టాడు.

"మేడమ్, రేపటి జాబితాలోంచి ఇది తీసేయండి. డయల్‌కి ఎవరో మళ్ళీ రంగేశారు. నేను పప్పులో కాలేశాను."

ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదేమో, ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"అంత బాగా చేశారా సార్?"

"రెండు వారాలు నా కళ్ళ ముందే ఉంది. నాకే తెలియలేదు. ఇది వేసిన చేతికి ఒక దణ్ణం పెట్టాలి మేడమ్. అద్దం లేకుండా దీన్ని పట్టుకున్న కంటికి ఇంకో దణ్ణం పెట్టాలి. నేనేమో ఆవిణ్ణి గెంటించాను."

"రేపు వెతికిద్దాం లెండి."

"ముందు అమ్మకానికి పెట్టిన ఆ ఘనుడెవరో చూడండి. రంగేసిన డయల్‌ని మనకి అంటగడతాడా? గట్టిగా నాలుగు మాటలు అడగాలి."

వాచీ ఎవరిదో పరీక్షకుడికి తెలియకూడదని ఆ సంస్థలో నియమం. ముఖం చూసి తీర్పు మారిపోకుండా పెట్టుకున్న పద్ధతి. అమ్మేవాళ్ళు కూడా ఆయన ముందు తామెవరో చెప్పుకోకూడదు. వాళ్ళు రాసిచ్చిన ఫారం సీలు వేసిన కవరులో ఉంటుంది. వేలం అయ్యాకో, వాచీ వెనక్కి వెళ్ళేటప్పుడో తప్ప దాన్ని తెరవరు.

మేనేజరమ్మ బీరువాలోంచి కవరు తీసి, సీలు చించి, ఫారం ఆయన ముందు పెట్టింది.

పైన అంటించిన ఫొటో చూడగానే ఆయన ఫారం చేతిలోకి తీసుకున్నాడు. అదే మామూలు కళ్ళజోడు, అదే ముఖం.

కింద, 'ఇంకేమైనా చెప్పదలుచుకున్నారా' అన్న చోట, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఇది మా నాన్న వాచీ, తడిసి డయల్ పాడైతే నా చేత్తో నేనే మళ్ళీ వేశాను, కాబట్టి దయచేసి ఒరిజినల్ అని చెప్పి అమ్మకండి."