దొరికిన మనిషి

మెడ దాకా ఎండుటాకులు. వీపు కింద తడి రాయి. రెండు బండల సందులో ముడుచుకుని పడుకుని, ఆయన కింది నుంచి వచ్చే చప్పుళ్ళు వింటున్నాడు.

పెద్దగా ఎవరూ ఎక్కని కొండ అది. బాట కూడా సగంలోనే అడవిలో కలిసిపోతుంది. సరిగ్గా అక్కడే కుక్క కూలబడింది.

"మీ కుక్క సమ్మె కట్టినట్టుందమ్మా," అన్నాడు ఫారెస్టు గార్డు. "దిగిపోదామా?"

"మొన్నటి నుంచీ దానికి దొరికిందల్లా ఒక బూటు, చిరిగిన సంచీ. మనసు విరగదా అన్నా?" కుక్కను నడిపించే ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"కుక్క మనసు గురించి అడిగేవాళ్ళున్నారు గానీ, నా మోకాళ్ళ గురించి అడిగే దిక్కు లేదు."

"ఇప్పుడు కూడా మనిషి దొరక్కపోతే ఇది ఇక వెతకదు. చిట్టీ, లే తల్లీ."

చిట్టి లేవలేదు.

బండల సందులో ఆయనకు అంతా వినిపిస్తోంది. కేకేయడానికి లేదు. చొక్కా చేతిని పళ్ళ మధ్య కుక్కుకున్నాడు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, ఇప్పుడు మనసులోనే ఒక కుక్క కాళ్ళు పట్టుకున్నాడు. వదిలేయకమ్మా. ఒక్కసారి ముక్కు పైకెత్తు. భయం కన్నా ఆశే ఎక్కువ నొప్పి పెడుతుందని ఆయనకు ఈ కొండ మీదే తెలిసింది.

గాలి మళ్ళింది.

కింద గొలుసు గలగలమంది. పొదలు విరిగిన చప్పుడు.

"పట్టింది! వాసన పట్టిందమ్మా!" గార్డు మోకాళ్ళు మరిచిపోయి పరిగెత్తాడు.

కాసేపటికి ఒక తడిముక్కు ఆయన చెంపకు తగిలింది. కుక్క ఆకుల్ని గీరింది, మొరిగింది, ముఖమంతా నాకింది. ఆయనకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకండి సార్!" ఆమె రొప్పుతూ వచ్చింది. "నవ్వండి. దాన్ని మెచ్చుకోండి."

ఆయన నవ్వాడు. ముఖం మాట వినకపోయినా నవ్వాడు. "దొరికిపోయానే దొంగా! పట్టేశావు కదే, బంగారూ!"

కుక్క ఆయన చుట్టూ గిరగిరా తిరిగింది. దాని తోక మళ్ళీ లేచింది.

కుక్కకు మళ్ళీ ఆశ పుట్టించడానికి తన మీద తనే కప్పుకున్న ఆకుల్ని దులుపుకుని లేచి, ఆయన తప్పిపోయిన తన కూతురి ఊలు టోపీని దాని ముక్కుకు అందించాడు.